ఇంగ్లండ్ సెకండరీ స్కూల్లో నల్లజాతి పిల్లల ఫలితాలు పెంచడం ఎలా: సెట్ జాబితా నుంచి రీమార్కింగ్ దాకా

ఇండియాలో 11 నుంచి 16 ఏళ్ళ పిల్లలకు లెక్కలు, సైన్సు, భాషలు చెప్పే అర్హత ఉన్నవాళ్ళు 2023 ఫిబ్రవరి నుంచి ఇంగ్లండ్ టీచర్ అర్హతకు (క్యూటీఎస్) నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. అదే జాబితాలో జమైకా, నైజీరియా, ఘనా కూడా ఉన్నాయి. మీరు అలా వెళ్ళిన టీచరు కావచ్చు, అక్కడే స్థిరపడి పిల్లల స్కూల్లో గవర్నర్‌గా (స్కూలు పాలక మండలి సభ్యులుగా) చేరినవారు కావచ్చు. ఎవరైనా సరే, సెప్టెంబరులో జీసీఎస్‌ఈ (16 ఏళ్ళకు రాసే పరీక్ష) ఫలితాల పట్టిక మీ ముందుకొస్తుంది. అందులో కరీబియన్ మూలాల పిల్లల వరస చాలా చోట్ల మిగతావాళ్ళకు కిందే ఉంటుంది. మీటింగులో ఎవరో ఒకరు "ఇంట్లో పట్టించుకోరు", "మోటివేషన్ లేదు" అంటారు. అక్కడితో ఆ చర్చ ముగిసిపోతుంది.

పిల్లాడి బుర్రలో ఏముందో వెతికే ముందు, ఐదేళ్ళలో పెద్దవాళ్ళు వాడి గురించి ఏమేం నిర్ణయించారో వెతకండి. ఏ సెట్‌లో (స్థాయిని బట్టి విడదీసే క్లాసులో) వేశారు, పరీక్షలో ఏ టైర్‌కు (పేపరు స్థాయికి) పంపారు, ఎన్ని పీరియడ్లు క్లాసు బయట ఉంచారు, ఇంటికి ఏమని రాశారు. ఈ నాలుగూ కాగితం మీద దొరుకుతాయి, నాలుగిటినీ మార్చవచ్చు. జూన్, జూలైలోనే మొదలుపెట్టండి. సెప్టెంబరులో అయితే సెట్లు ఖరారైపోయి ఉంటాయి.

మొదటి పని: "బ్లాక్" అన్న ఒక్క గడిని విడగొట్టండి

స్కూలు సెన్సస్ ఏడాదికి మూడుసార్లు, అక్టోబరు, జనవరి, మే నెలల్లో జరుగుతుంది. అందులో ప్రతి పిల్లాడికీ ఒక జాతి కోడ్ ఉంటుంది. బ్లాక్ కరీబియన్, బ్లాక్ ఆఫ్రికన్, ఇతర బ్లాక్ వేర్వేరు కోడ్‌లు. తెల్ల–కరీబియన్ మిశ్రమ కుటుంబాల పిల్లలది మరో కోడ్. ఇవన్నీ కలిపి సగటు తీస్తే సమస్య మాయమైపోతుంది. ఇటీవలి ఏళ్ళ జాతీయ ఫలితాల్లో బ్లాక్ ఆఫ్రికన్ పిల్లల సగటు తెల్ల బ్రిటిష్ పిల్లల సగటును దాటుతోంది, కరీబియన్ పిల్లల సగటు బాగా కిందుంది. రెండూ కలిపితే "పర్వాలేదు" అనిపించే అంకె వస్తుంది. మిశ్రమ కుటుంబాల పిల్లలు "మిక్స్‌డ్" అన్న మరో గంపలో పడిపోయి ఎవరి కంటా పడరు. వాళ్ళ ఫలితాలు, స్కూలు నుంచి తీసేసే రేట్లు కరీబియన్ పిల్లలవాటికి దగ్గరగా ఉంటాయి కాబట్టి వాళ్ళనూ ఇదే జాబితాలో పెట్టండి. ఆఫ్రికన్ అన్న కోడ్‌లో కూడా సోమాలీ పిల్లాడి అవసరం వేరు, నైజీరియన్ పిల్లాడి అవసరం వేరు. దాని కోసం విస్తరించిన కోడ్‌లు ఉన్నాయి, అడ్మిషన్ ఫారంలో వాడండి.

శాతాలను నమ్మొద్దు. ఒక ఇయర్‌లో (తరగతిలో) పన్నెండు మంది ఉంటే ఒక్క పిల్లాడే 8 శాతం. మూడేళ్ళ అంకెలు కలిపి చూడండి. ఈ ఏటి జాబితా మాత్రం పేర్లతోనే చేయండి: పేరు, ప్రాథమిక స్కూలు చివర్లో వచ్చిన స్కోరు, ప్రతి సబ్జెక్టులో సెట్, పోయిన ఏడాది పోగొట్టుకున్న పీరియడ్లు, ఇంటికి చేసిన ఫోన్లు. ప్రాథమిక స్కోరు 80 నుంచి 120 మధ్య ఉంటుంది, 100 అంటే ఆశించిన స్థాయి. కోవిడ్ వల్ల 2020, 2021లో ఆ పరీక్షలు జరగలేదు. ఆ బ్యాచ్‌లకు ఇయర్ 7లో (సెకండరీ మొదటి ఏడాదిలో) స్కూలు పెట్టిన పరీక్ష స్కోరు వాడాలి.

రెండో పని: సెట్లు. ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి

ఇంగ్లండ్‌లోని 46 సెకండరీ స్కూళ్ళలో లెక్కల సెట్లను పరిశోధకులు పిల్లల ప్రాథమిక స్కోర్లతో పోల్చి చూశారు. దాదాపు 31 శాతం మంది తమ స్కోరుకు తగని సెట్‌లో ఉన్నారు. ఉండాల్సిన దానికంటే కింది సెట్‌లో పడే అవకాశాల నిష్పత్తి తెల్ల పిల్లలతో పోలిస్తే నల్లజాతి పిల్లలకు సుమారు 2.4 రెట్లు. కావాలని చేసేవాళ్ళు తక్కువే. సెట్లు వేసేటప్పుడు స్కోరు పక్కన "క్లాసులో కుదురుగా ఉంటాడా", "హోంవర్క్ తెస్తాడా", "పై సెట్ వేగం తట్టుకుంటాడా" అన్న అభిప్రాయాలు వచ్చి కూర్చుంటాయి. తేడా దూరేది ఆ సందులోంచే.

తనిఖీకి ఒక మధ్యాహ్నం చాలు. ఇయర్ 7 లెక్కల జాబితాను సెట్ వారీగా కాకుండా స్కోరు వారీగా పేర్చండి. పక్క గడిలో సెట్ నంబరు రాయండి (1 అంటే అన్నిటికంటే పై సెట్). ఉదాహరణకు 107 వచ్చిన పిల్లాడి పక్కన 3, 103 వచ్చిన పిల్లాడి పక్కన 2 కనిపిస్తాయి. అలా తలకిందులైన ప్రతి జంటకూ ఎరుపు రంగు వేయండి. తర్వాతే జాతి కోడ్ గడి తెరవండి. ఈ వరస ముఖ్యం. ముందే కోడ్ చూస్తే ఒక్కో పేరుకూ సంజాయిషీ వెతకడం మొదలవుతుంది. ఎరుపు పడిన ప్రతి పేరు మీద డిపార్ట్‌మెంట్ హెడ్ ఒక వాక్యం రాయాలి: ఏ పరీక్ష, ఏ తేదీ, ఎన్ని మార్కుల ఆధారంగా ఈ సెట్? "టీచర్ అంచనా" అని రాస్తే ఒప్పుకోవద్దు, పిల్లాణ్ణి పైకి పంపండి.

పైకి పంపగానే పని అయిపోదు. కింది సెట్‌లో ఉన్న ఏడాది పాటు కొన్ని పాఠాలు అసలు చెప్పి ఉండరు. పై సెట్ బీజగణితంలో బ్రాకెట్లు విప్పుతుంటే కింది సెట్ ఇంకా భిన్నాల దగ్గరే ఉంటుంది. అక్టోబరులో పైకి వెళ్ళిన పిల్లాడు మొదటి టెస్టులో చతికిలపడతాడు, డిసెంబరులో "చెప్పాం కదా" అంటూ కిందికి దింపేస్తారు. చాలా స్కూళ్ళలో సెట్ మార్పులు విఫలమయ్యేది ఈ ఒక్క కారణంతోనే. అందుకని మార్పుకు ముందే తప్పిపోయిన పాఠాల జాబితా రాయించండి. అది ఒక పేజీ దాటదు. ఆరు వారాలు, వారానికి రెండుసార్లు, 25 నిమిషాల చొప్పున ఆ పాఠాలు చెప్పండి. ఆరు వారాలు అయ్యేదాకా సెట్ టెస్టు మార్కును లెక్కలోకి తీసుకోవద్దు.

ఇంకొకటి చూడండి: కింది సెట్లకు ఎవరు పాఠం చెబుతున్నారు? సబ్జెక్టు చదవని టీచరు, వారానికోసారి మారే సప్లయ్ (తాత్కాలిక) టీచరు అక్కడే కనిపిస్తే, సెట్లు సరిచేసినా సగం పనే అవుతుంది. టైంటేబుల్ వేసేవారికి జూన్‌లోనే ఒక నియమం చెప్పండి: డిపార్ట్‌మెంట్‌లో అనుభవం ఎక్కువున్న ఇద్దరిలో ఒకరు తప్పనిసరిగా ఒక కింది సెట్ తీసుకోవాలి.

మూడో పని: ఫౌండేషనా, హయ్యరా

జీసీఎస్‌ఈ ఇంగ్లిష్‌కు టైర్లు లేవు. లెక్కలకు, సైన్సుకు, విదేశీ భాషలకు ఉన్నాయి: కిందిది ఫౌండేషన్, పైది హయ్యర్. గ్రేడ్లు 9 నుంచి 1 దాకా, 9 అన్నిటికంటే పైది. లెక్కల ఫౌండేషన్ పేపర్లో ప్రతి ప్రశ్నకూ సరిగ్గా రాసినా వచ్చేది 5, అంతకు మించి రాదు. ఏ–లెవెల్ (16 ఏళ్ళ తర్వాత చదివే రెండేళ్ళ కోర్సు) లెక్కలకు చాలా కాలేజీలు 6 గానీ 7 గానీ అడుగుతాయి. అంటే ఫౌండేషన్ అని రాసిన రోజే ఇంజనీరింగ్ తలుపు మూసుకుపోయింది, పిల్లాడికి ఆ సంగతి తెలియదు. రెండు గ్రేడ్లు ఇచ్చే కంబైన్డ్ సైన్సు ఫౌండేషన్‌కు 5–5 దగ్గర గీత.

స్టీవ్ స్ట్రాండ్ అనే పరిశోధకుడు 2004లో 14 ఏళ్ళ పిల్లలు రాసిన జాతీయ పరీక్షల టైర్లను విశ్లేషించారు. పై టైర్‌కు ముగ్గురు తెల్ల బ్రిటిష్ పిల్లల్ని పంపే చోట కరీబియన్ పిల్లల్ని ఇద్దరినే పంపారు. పాత మార్కులు, కుటుంబ ఆర్థిక స్థితి, హాజరు, పిల్లల ఆశయాలు అన్నీ లెక్కలో కలిపి చూసినా ఆ తేడా పూర్తిగా పోలేదు. ఆ పరీక్షలు ఇప్పుడు లేవు, జీసీఎస్‌ఈ టైర్లు మాత్రం ఉన్నాయి.

టీచరు భయానికీ కారణం ఉంది. హయ్యర్‌లో 4 కంటే కాస్త తగ్గితే 3 ఇస్తారు, అదీ అందకపోతే యూ, అంటే ఏ గ్రేడూ లేదు. 4 వస్తుందో రాదో అన్న పిల్లాణ్ణి ఫౌండేషన్‌లో ఉంచితే స్కూలుకు ఇబ్బంది ఉండదు. ఆ భయాన్ని ఊహకు వదిలేయకుండా పరీక్షతో తేల్చండి. నవంబరు మాక్‌లో (నమూనా పరీక్షలో) సరిహద్దులో ఉన్న ప్రతి పిల్లాడి చేతా ఒక పూర్తి హయ్యర్ పేపర్, 80 మార్కులది, గంటన్నర రాయించండి. రెండు టైర్లకూ ఉమ్మడిగా వచ్చే ప్రశ్నల్లో వాడి మార్కు ఎంతో విడిగా చూడండి. అక్కడ నిలబడితే హయ్యర్‌కే పంపండి. ఎంట్రీల (పరీక్షకు పేర్లు పంపే) గడువు ఫిబ్రవరి 21. జనవరిలో అరగంట మీటింగు పెట్టి, జాబితాలోని ప్రతి పేరుకూ టైర్ ఎందుకో గట్టిగా చదివించండి. గట్టిగా చదవాల్సి వస్తే చాలా కారణాల్లో బలం లేదని చదివేవాళ్ళకే తెలిసిపోతుంది.

నాలుగో పని: శిక్షల రిజిస్టరు

స్కూలు తొలగింపుల మీద ఎడ్వర్డ్ టింప్సన్ 2019లో ప్రభుత్వానికి ఇచ్చిన సమీక్ష ప్రకారం, మిగతా కారణాలన్నీ తీసేసి పోల్చినా కరీబియన్ పిల్లల్ని స్కూలు నుంచి శాశ్వతంగా తొలగించే అవకాశం తెల్ల బ్రిటిష్ పిల్లలకంటే సుమారు 1.7 రెట్లు ఎక్కువ. తొలగింపు చివరి మెట్టు. కింది మెట్లు మీ స్కూలు కంప్యూటర్లోనే ఉంటాయి.

ఒక టర్ము రికార్డు దించుకుని నేరాలను రెండు కుప్పలు చేయండి. ఎవరు చూసినా ఒకటే అనేవి ఒక వైపు: ఆలస్యం, ఫోను, దెబ్బలాట. చూసేవాళ్ళ కంటిని బట్టి మారేవి ఇంకో వైపు: "ధిక్కారం", "ఎదురు సమాధానం", "యాటిట్యూడ్". రెండో కుప్పలో నల్లజాతి పిల్లల వాటా మొదటి కుప్పలో కంటే పెద్దగా ఉంటే తేడా పెద్దవాళ్ళ చూపులో ఉందని అర్థం. తర్వాత ఏ టీచరు, ఏ పీరియడు, మొదటి తప్పుకే ఏ శిక్ష అన్నది చూడండి. సాధారణంగా ఇద్దరు ముగ్గురు టీచర్ల దగ్గరే ఎక్కువ భాగం పోగవుతుంది. వాళ్ళతో అందరి ముందు కాకుండా, కాగితం పెట్టి విడిగా మాట్లాడండి.

తప్పుగా చదివే సైగలు రెండు ఉన్నాయి. పళ్ళ సందుల్లోంచి గాలి పీల్చి "త్చ్" అనడం కరీబియన్, పశ్చిమాఫ్రికా ఇళ్ళలో విసుగుకు గుర్తు. తన మీద తనకే విసుగొచ్చినా అంటారు. కొందరు టీచర్లు దాన్ని బూతు విన్నట్టు వింటారు. రెండోది, తిడుతుంటే కళ్ళు దించుకోవడం. పెద్దల కళ్ళలోకి చూడటం పొగరు అని నేర్పే ఇళ్ళు చాలా ఉన్నాయి. తల దించుకుని నిలబడటమే మర్యాదగా పెరిగిన మనకు ఇది చెప్పనక్కరలేదు. ఇంగ్లిష్ టీచరు మాత్రం "నేను మాట్లాడుతుంటే నా వైపు చూడు" అంటారు. అక్కడ మొదలైన గొడవ పది నిమిషాల్లో "ధిక్కారం" అని కంప్యూటర్లో ఎక్కుతుంది.

పోయిన పీరియడ్లను లెక్కగట్టండి. వారానికి నాలుగు లెక్కల పీరియడ్లుంటే, ఏడాదిలో పది రోజులు ఐసొలేషన్ (శిక్షగా విడిగా కూర్చోబెట్టే) గదిలో కూర్చున్న పిల్లాడికి ఎనిమిది లెక్కల పాఠాలు పోయినట్టే. ఆ గదిలో ఇచ్చే వర్క్‌షీటు క్లాసులో జరిగిన పాఠమేనా అని వెళ్ళి చూడండి, చాలాసార్లు కాదు. నియమం పెట్టండి: గదిలోకి పంపిన టీచరు ఆ రోజు పాఠాన్ని కూడా పంపాలి. సస్పెన్షన్ అయితే ఆరో రోజు నుంచి పూర్తికాలం చదువు ఏర్పాటు చేయడం చట్టం చెప్పిన బాధ్యత. ఏడాదికి 45 స్కూలు రోజులు మించకూడదు. ఒక టర్ములో 15 రోజులు దాటితే గవర్నర్లు తప్పనిసరిగా సమీక్షించాలి. గవర్నర్‌గా మీరు ఆ బల్ల దగ్గర కూర్చుంటే, "ఇదే తప్పు చేసిన మిగతా పిల్లలకు ఏ శిక్ష వేశారు?" అని అడగండి.

జుట్టు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది, కానీ గొడవలు చాలావరకు అక్కడే మొదలవుతాయి. కార్న్‌రోస్‌ను (తలకు అతుక్కునేలా అల్లే సన్నటి జడలను) నిషేధించిన ఒక స్కూలు నియమం పరోక్ష జాతి వివక్ష అని 2011లో హైకోర్టు తేల్చింది. జుట్టు మీద వివక్ష గురించి సమానత్వ కమిషన్ 2022 అక్టోబరులో స్కూళ్ళకు మార్గదర్శకాలు ఇచ్చింది. మీ యూనిఫాం నియమాల్లో జడలు, ఫేడ్, ఆఫ్రో గురించి ఏ వాక్యం ఉన్నా ఈ వేసవిలోనే తీసేయించండి.

ఐదో పని: ఎర్ర పెన్ను

కరీబియన్ పిల్లలకు ఇంగ్లిషే ఇంటి భాష అని రాసుకుని భాషా సాయం ఇవ్వరు. కొన్ని ఇళ్ళలో మాట్లాడేది పాట్వా (జమైకా జనం భాష), దానికి సొంత వ్యాకరణం ఉంది. గతకాలానికి క్రియ రూపం మారదు, ముందున్న మాటను బట్టి కాలం తెలుస్తుంది. పిల్లాడు "యెస్టర్‌డే షి టెల్ మి" అని రాస్తే వాడు ఒక నియమాన్ని సరిగ్గానే పాటించాడు, ఆ నియమం వేరే భాషది. "పోయిండు" అని రాస్తే బడిలో కొట్టేయించుకున్న తెలంగాణ పిల్లలకు ఈ సంగతి బాగా తెలుసు.

అలాగని దిద్దకుండా వదిలేయడం దయ కాదు. ఏక్యూఏ అనే పరీక్షల బోర్డు ఇంగ్లిష్ లాంగ్వేజ్ పేపర్లో రాత ప్రశ్నకు 40 మార్కులుంటే అందులో 16 వ్యాకరణం, విరామచిహ్నాలు, స్పెల్లింగులకే. పేజీ అంతా ఎరుపు చేయకుండా ఒక్కో వ్యాసంలో ఒక్క అంశం తీసుకోండి, ఉదాహరణకు గతకాల క్రియలు. మార్జిన్‌లో "పరీక్ష భాషలో మార్చు" అని రాసి, ఐదు వాక్యాలు పిల్లాడి చేతే మార్పించండి. రెండు వారాల తర్వాత మరో వ్యాసంలో అదే అంశం వెతకండి. "తప్పు" అన్న మాటకూ "పరీక్ష భాష" అన్న మాటకూ వచ్చే స్పందనలో ఎంత తేడా ఉంటుందో మీరే చూస్తారు.

ఆరో పని: ఇంటికి నిజం చెప్పడం

1971లో గ్రెనడా నుంచి వచ్చిన టీచరు బెర్నార్డ్ కోర్డ్ ఒక చిన్న పుస్తకం వేశారు. వెస్టిండియన్ పిల్లల్ని "చదువులో మందబుద్ధులు" అని ముద్ర వేసి ప్రత్యేక స్కూళ్ళకు లెక్కకు మించి పంపుతున్నారని అందులో చూపించారు. ఆ పిల్లలే ఇవాళ్టి తాతలు, అమ్మమ్మలు. స్కూలు నుంచి ఫోనొస్తే ఆ ఇళ్ళలో గుండె గుభేలుమనడానికి కారణం ఉంది.

కాబట్టి మొదటి ఫోన్ సెప్టెంబరులో మొదటి మూడు వారాల్లో, మంచి మాటతో వెళ్ళాలి. రెండు నిమిషాలు చాలు. "మీ అబ్బాయి ఇవాళ నిష్పత్తుల లెక్క బోర్డు మీద చేశాడు, మిగతావాళ్ళకంటే పొట్టి దారిలో చేశాడు" అన్నట్టు ఒక పని పేరు చెప్పి మాట్లాడండి. "మంచి పిల్లాడు" అని ఊరికే అంటే లాభం లేదు.

ప్రోగ్రెస్ రిపోర్టుల్లో అసలు మోసం ఎక్కడుందంటే, "చక్కగా ఉంటున్నాడు, లక్ష్యం దిశగా సాగుతున్నాడు" అని నాలుగేళ్ళు రాస్తారు. ఆ లక్ష్యమే 4 అని, ఆ సెట్ నుంచి హయ్యర్ టైర్ లేదని ఇయర్ 10లో గానీ ఇంటివాళ్ళకు తెలియదు. ఇయర్ 7 నుంచే ప్రతి రిపోర్టులో మూడు గడులు చేర్చండి: సెట్ నంబరు, ఆ సెట్ మామూలుగా రాసే టైర్, ఆ టైర్‌లో గరిష్ఠ గ్రేడు. కొందరు హెడ్‌లు "ఫోన్లు ఎక్కువైపోతాయి" అని దీనికి ఒప్పుకోరు. ఫోన్లు రావడమే మనకు కావాలి.

కరీబియన్ కుటుంబాలు చదువును పట్టించుకోవన్న మాటకు చరిత్రే జవాబు. ట్రినిడాడ్ నుంచి వచ్చిన కవి, ఉద్యమకారుడు జాన్ లా రోజ్ 1969లో లండన్‌లో ట్రినిడాడ్ రచయిత జార్జ్ ప్యాడ్‌మోర్ పేరిట శనివారం బడి మొదలుపెట్టారు. స్కూలు నేర్పనిది తామే నేర్పుకుందామని ఇలాంటి బళ్ళు ఎన్నో లేచాయి. మీ ఏరియాలో అలాంటిది ఉంటే శనివారం పొద్దున రెండు గదులు అద్దె లేకుండా ఇవ్వండి, ఆ టర్ము పాఠాల జాబితా, పాత పేపర్లు ఇవ్వండి. అక్కడి టీచర్లను మీ స్కూలు మనుషుల్లా చూసి నడిపించాలని మాత్రం చూడొద్దు, బడి వాళ్ళది.

ఏడో పని: మెంటరింగ్, మీటింగులు

నల్లజాతి పిల్లలకు మాత్రమే ప్రత్యేక సాయం ఇస్తే చట్టం ఒప్పుకుంటుందా అని అడుగుతారు. వెనకబాటుకు ఆధారం చూపి, దానికి తగినంత మేరకే చేస్తే 2010 సమానత్వ చట్టం 158వ సెక్షన్ ఒప్పుకుంటుంది. మొదటి పనిలో చేసిన జాబితాయే ఆ ఆధారం.

మెంటరింగ్ అంటే రెండు వారాలకోసారి 20 నిమిషాలు, చేతిలో పిల్లాడి నోట్‌బుక్ ఉండాలి. నోట్‌బుక్ లేని మెంటరింగ్ కబుర్లలోకి జారిపోతుంది. లెక్కలు, ఇంగ్లిష్ పీరియడ్ల నుంచి పిల్లాణ్ణి బయటకు తీయొద్దు. ఏడాదికోసారి ఎవరో ప్రముఖుణ్ణి పిలిచి అసెంబ్లీలో మాట్లాడించడం ఫొటోలకు బాగుంటుంది, గ్రేడ్లు మాత్రం కదలవు. అక్టోబరు బ్లాక్ హిస్టరీ నెల కూడా అంతే. నల్లవాళ్ళకు బస్సు సిబ్బంది ఉద్యోగాలివ్వనందుకు జరిగిన 1963 బ్రిస్టల్ బస్సుల బహిష్కరణను మార్చిలో, మామూలు చరిత్ర పాఠంలో, పరీక్షకు వచ్చే పాఠంలా చెప్పినప్పుడే పిల్లలు దాన్ని చదువుగా తీసుకుంటారు.

నల్లజాతి టీచర్లను క్రమశిక్షణ పనులకే పరిమితం చేయొద్దు. "వాడు మీ మాట వింటాడు" అని గొడవ చేసిన ప్రతి పిల్లాణ్ణీ ఆ ఒక్కరి దగ్గరికే పంపుతుంటారు. ఆయనకు సబ్జెక్టు హెడ్ అయ్యే దారి మూసుకుపోతుంది. నల్లజాతి పెద్దమనిషి అంటే కాపలాదారు అన్న పాఠం పిల్లలు నేర్చుకుంటారు.

గవర్నర్లకు ప్రతి టర్ములో మూడు అంకెలు చాలు: స్కోరుకు తగ్గ సెట్‌లో లేని పిల్లలెందరు, హయ్యర్ టైర్‌కు వెళ్ళేవాళ్ళెందరు, క్రమశిక్షణ వల్ల పోయిన పీరియడ్లెన్ని. ముప్పై పేజీల నివేదిక తెస్తే వెనక్కి పంపండి. సమానత్వ లక్ష్యాలను కనీసం నాలుగేళ్ళకోసారి ప్రకటించడం స్కూళ్ళకు ఎలాగూ తప్పనిసరి, ఈ మూడింటిలో ఒకదాన్ని అక్కడ రాయించండి.

ఆగస్టులో ఫలితాల రోజు ఇంకో పని ఉంది. గ్రేడు గీతకు రెండు మూడు మార్కుల దూరంలో ఆగిపోయిన పిల్లల జాబితా ఆ పొద్దున్నే తీయండి. పేపరు మళ్ళీ చూడమని పరీక్షల బోర్డును అడగాల్సింది స్కూలే, స్కూల్లో చదివే పిల్లాడు నేరుగా అడగలేడు. గడువు సెప్టెంబరు చివరిలోపు ముగుస్తుంది. అడగమని గట్టిగా పట్టుబట్టే తల్లిదండ్రుల పిల్లల పేపర్లే సాధారణంగా వెళ్తాయి. పట్టుబట్టాలని తెలియని ఇళ్ళకు ఆ రోజే మీరు ఫోన్ చేయండి, మార్కు తగ్గే అవకాశం కూడా ఉందని చెప్పి పిల్లాడి సంతకం తీసుకోండి, ఫీజు స్కూలు నిధుల నుంచి కట్టించండి.